పడమటి గదిలో బల్ల

ఖమ్మం,
9 మార్చి 1986

ప్రియమైన విశ్రాంతమ్మ వదినకు,

మీ మరదలు ముత్యాలమ్మ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. పాపకు దగ్గు తగ్గింది. మీరు చెప్పిన మిరియాల కషాయం తాగించడానికి నేనొక చెయ్యి, మీ తమ్ముడొక చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

ఇల్లు ఒక రూపానికి వచ్చింది. ఇప్పుడు లోపలి గోడలకు సిమెంటు గిలాబు చేస్తున్నారు. మీ తమ్ముడు సాయంత్రం కరెంటాఫీసు నుంచి నేరుగా అక్కడికే పోతారు. మేస్త్రీ చెప్పినదానికి సరేనంటారు. నేను చెప్పినదానికీ సరేనంటారు. రెండూ పొసగకపోతే పాపను సైకిలు మీద కూర్చోబెట్టుకుని షికారు పోతారు. మీకు కొత్తగా చెప్పేదేముంది, పెంచింది మీరే కదా.

అసలు సంగతికి వస్తాను. వంటగదిని ఆనుకుని పడమటి వైపు గది ఒకటి ఉంది. ప్లానులో దానికి పేరేమీ లేదు. వంటగదికీ దానికీ మధ్య గోడ తీసేయించాను. ఇప్పుడు పెద్దగా, వెలుతురుగా ఉంది. దాన్ని అన్నాలు తినే గది చేస్తున్నాం. అందులోకి ఒక బల్ల కావాలి.

మీ తమ్ముడికి సన్‌మైకా బల్ల మీద మనసు. బజార్లో చూపించారు. అద్దంలా మెరుస్తుంది, పైన పువ్వుల బొమ్మ. నాకది వద్దు. నాకు మోటు బల్ల కావాలి వదినా. పలకలు లావుగా ఉండాలి. చెక్క చెక్కలాగే కనబడాలి. వేడి గిన్నె దించడానికి భయపడేలా ఉండకూడదు. పొలం ఇళ్ళల్లో పనివాళ్ళంతా చుట్టూ కూర్చుని తిన్నా కదలని బల్లలుంటాయే, అలాంటిది. ఎనిమిది మంది పట్టాలి.

"ఉన్నది ముగ్గురం. ఎనిమిది మందిని ఏడికెళ్లి తెస్తవ్?" అన్నారు మీ తమ్ముడు.

"ముందు బల్ల రానియ్యి. మనుషులు వాళ్ళే వస్తరు" అన్నాను.

మీరుండేది అడవి పక్కన. మంచి చెక్క, మంచి వడ్రంగి మీకు తెలిసే ఉంటారు. దవాఖానా పని మధ్యలో వీలు చూసుకుని కనుక్కుంటారా?

మీ జవాబు కోసం చూస్తూ,
ముత్యాలమ్మ


దుమ్ముగూడెం,
21 మార్చి 1986

ముత్యాలుకు విశ్రాంతమ్మ వదిన దీవెనలు. తమ్ముడు దానానికీ, పాపకూ కూడా.

ఇక్కడ ఇప్పపూలు రాలుతున్నాయి. తెల్లారకముందే ఊళ్ళన్నీ గంపలు పట్టుకుని అడవిలోకి పోతున్నాయి, కాబట్టి దవాఖానాకు వచ్చేవాళ్ళు తగ్గారు. జ్వరం ఉన్నా పూలు ఏరుకున్న తర్వాతే వస్తారు. అందుకే నీ బల్ల సంగతి చూడటానికి తీరిక దొరికింది.

ఇక్కడ గోపాలు అనే వడ్రంగి ఉన్నాడు. మా దవాఖానా తలుపులు ఆయనే చేశాడు. ఆయనతో మాట్లాడాను. మూడు దారులున్నాయి. ఒకటి, సర్కారు డిపోలో కొత్త టేకు కొనడం. చూడ్డానికి బాగుంటుంది, కానీ పచ్చి చెక్క, ఆరేదాకా వంకర్లు పోతుంది. రెండోది ఏగిస చెక్క. గట్టిదే, కానీ తడి తగిలితే రంగు దిగుతుందట. నీ అన్నం గిన్నె అడుగున ఎర్ర మరక పడుతుంది. మూడోది, ఏటి గట్టు మీద ఒక పాత పెంకుటిల్లు పడగొడుతున్నారు. దాని అటకకు వేసిన టేకు పలకలున్నాయి. ఎన్నో ఏళ్ళు కింద పొయ్యి పొగ తాగి నల్లబడ్డాయి. అక్కడక్కడ మేకుల బొక్కలు. చెక్క మాత్రం రాయిలా ఉంది. గోపాలు వేలితో కొట్టి చూపించి, "ఇది ఇగ వంగేది లేదు, పగిలేది లేదమ్మా" అన్నాడు.

నీకు ఏది నచ్చుతుందో రాయి. ఎత్తు ఎంత, కుర్చీలా బెంచీలా అన్నది కూడా.

పడమటి గది గోడ తీసేశామని రాశావు. పునాది వేసినప్పుడు వచ్చి ఆ గది ఎక్కడ వస్తుందో నిలబడి చూశాను. దక్షిణం వైపు కిటికీ పెట్టిస్తానన్నాడు దానం. గాలి బాగా వచ్చే చోటు. అన్నం తినేటప్పుడు గాలి ఉంటే మంచిదే.

గోడ తీసేటప్పుడు దానం ఏమీ అనలేదా?

విశ్రాంతమ్మ


ఖమ్మం,
6 ఏప్రిల్ 1986

ప్రియమైన వదినకు వందనాలు.

మీ ఉత్తరం మీ తమ్ముడికి చదివి వినిపించాను. కిటికీ దాకా విని, సున్నం వాళ్ళు వస్తారంటూ లేచి వెళ్ళిపోయారు. గోడ తీసినప్పుడు ఆయన ఏమీ అనలేదు. "నీ ఇష్టం" అన్నారంతే.

నాకు ఆ అటక పలకలే కావాలి. చదవగానే అనుకున్నాను, ఇవే అని. నలుపంతా గీకెయ్యవద్దని గోపాలుకు చెప్పండి. మీద చెయ్యి పెడితే గుచ్చుకోకుండా ఉంటే చాలు. మేకుల బొక్కలు పూడ్చవద్దు. కుర్చీలు వద్దు, రెండు పక్కలా రెండు పొడుగు బెంచీలు. బల్ల ఎత్తు నా నడుముకు కాస్త కింద. కూరగాయలు తరుక్కోవడానికీ, పిండి కలుపుకోవడానికీ అదే.

ఎనిమిది మందికి ఎందుకని మీరు అడగలేదు. అయినా చెబుతాను, ఆయనకు కూడా సరిగ్గా చెప్పలేదు. మా అమ్మ పోయినప్పుడు నన్ను బోర్డింగులో వేశారని మీకు తెలుసు. అక్కడ భోజనాల గదిలో ఒక మోటు బల్ల ఉండేది. మొదటి పూట ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడ పక్కన నిలబడ్డాను. వరసలో ఉన్న ఒక పెద్దపిల్ల బెంచీ మీద కొంచెం జరిగింది. ఆ జరిగిన చోటే బోర్డింగు వదిలేదాకా నా చోటు. కుర్చీ అయితే జరగడానికి ఉండదు వదినా. బెంచీ అయితే ఇంకొకరు వచ్చినా జరగొచ్చు.

మీరు సెలవు మీద వచ్చినప్పుడు నా పక్కన కూర్చుంటారు. మీ పడక గురించి కూడా ఆలోచించాను. ముందు వరండాలో నవారు మంచం వేస్తాను. వీధిలో వచ్చేపోయేవాళ్ళు కనబడతారు, మీకు పొద్దుపోతుంది.

మీ ఆరోగ్యం జాగ్రత్త. ఎండలు ముదురుతున్నాయి.

ముత్యాలమ్మ


దుమ్ముగూడెం,
15 జూన్ 1986

ముత్యాలుకు దీవెనలు.

బల్ల పూర్తయింది. గోపాలు నువ్వు చెప్పినట్టే చేశాడు. నలుపు అక్కడక్కడ ఉంచాడు, బొక్కలు పూడ్చలేదు. "కొత్త ఇంటికి గీ పాత ముఖం బల్ల ఏందమ్మా" అని రెండు మూడుసార్లు అడిగాడు. నీ ఇష్టం అని చెప్పాను. బెంచీలు కూడా అయిపోయాయి. నలుగురు పట్టుకుంటే గాని లేవదు.

పంపడానికి పర్మిట్ కావాలి. పాత ఇంటి చెక్కే అయినా చెక్‌పోస్టు దాటాలంటే కాగితం ఉండాల్సిందే. అర్జీ పెట్టాను. వచ్చేదాకా బల్ల గోపాలు కొట్టంలోనే ఉంటుంది. కాగితం రాగానే జైరాం లారీలో పంపిస్తాను. అతను ఇటు నుంచి ఖమ్మానికి వెదురు తోలుతుంటాడు.

వరండా మంచం గురించి రాశావు. నాకు ఎక్కడైనా నిద్ర పడుతుంది. ఈ ఉద్యోగంలో బడి అరుగుల మీదా, పశువుల కొట్టాల్లో కూడా పడుకున్నాను.

విశ్రాంతమ్మ


ఖమ్మం,
2 జూలై 1986

ప్రియమైన వదినకు వందనాలు.

మీ ఉత్తరం చాలా పొట్టిగా ఉంది. పని ఎక్కువై ఉంటుందని మీ తమ్ముడు అన్నారు. నాకు మాత్రం ఈ బల్ల పనంతా మీ నెత్తిన పెట్టానని అనిపిస్తోంది. లేకపోతే నా మోటు బల్ల పిచ్చి మీకు నచ్చలేదేమో. అలాంటిదేమైనా ఉంటే కోప్పడండి, పడతాను. నన్ను కోప్పడే పెద్దదిక్కు మీరొక్కరే.

గృహప్రవేశ ప్రార్థన ఆగస్టు ఇరవై నాలుగు, ఆదివారం పెట్టుకున్నాం. పాస్టరుగారు ఒప్పుకున్నారు. తిరుమలాయపాలెం నుంచి మీ చిన్నాన్నవాళ్ళు వస్తున్నారు. ఆ రోజు అందరూ ఆ బల్ల చుట్టూ కూర్చుని తినాలని నా ఆశ. పడమటి గదిలో ఇంకే సామానూ పెట్టలేదు. ఖాళీగా దాని కోసమే ఉంచాను.

మీరు ముందురోజే వచ్చెయ్యాలి. పాప మీ కోసం పాట నేర్చుకుంటోంది.

ముత్యాలమ్మ


దుమ్ముగూడెం,
30 ఆగస్టు 1986

ముత్యాలుకు, దానానికి దీవెనలు.

నేను క్షేమంగా ఉన్నాను. ముందు అది రాస్తున్నాను, మిగతాది తర్వాత చదువుకోండి. దానం ఇచ్చిన టెలిగ్రాం నిన్ననే అందింది. ప్రార్థనకు రాలేకపోయినందుకు ఏమనుకోవద్దు.

గోదావరి ఎంత వచ్చిందో మీరు పేపర్లో చూసే ఉంటారు. ఇక్కడ ముసలివాళ్ళు కూడా ఇంతటిది చూడలేదన్నారు. ఊరి వీధుల్లో పడవలు తిరిగాయి. నా క్వార్టర్ గోడలు నిలిచాయి గాని లోపలి సామాను పోయింది. మందులు, పుస్తకాలు, మీ పెళ్ళి ఫోటో అన్నీ పోయాయి.

నీ బల్ల పోలేదు. నీళ్ళు ఎక్కుతున్నాయని తెలియగానే గోపాలు, కాల్వ మీద కావలి ఉండే భీమ్లా ఇంకో ఇద్దరిని పిలిచి దాన్ని బండికెక్కించి మిట్ట మీది బడికి తెచ్చారు. "ముందు నీ ఇంట్ల సామాను చూసుకో గోపాలూ" అంటే, "నా ఇంట్ల ఏమున్నదమ్మా, ఉలి, బాడిసె నా చేతులనే ఉన్నయి" అన్నాడు. ఊళ్ళో సగం మంది ఆ బడిలోనే ఉన్నాం. పైకప్పు కారుతోంది, నేలంతా బురద. ఉన్న ఎత్తైన చోటు ఆ బల్ల ఒక్కటే. దాని మీదే మందులు పెట్టుకున్నాను, గాయాలకు కట్లు కట్టాను. భీమ్లా భార్య రూప్లికి నొప్పులొస్తే దాని మీదే కాన్పు చేశాను. మగపిల్లవాడు. మొదట ఏడవలేదు. కాళ్ళు పట్టుకుని వీపు మీద చరిస్తే అప్పుడు ఏడ్చాడు. బడిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఎంత నిశ్శబ్దంగా ఉన్నామో అప్పుడు తెలిసింది.

ఇంకా చాలా జరిగాయి. రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇప్పుడు బల్ల దవాఖానా వరండాలో ఉంది. రోజూ జనం. వాళ్ళు తగ్గాక దాని సంగతి చూస్తాను.

విశ్రాంతమ్మ


ఖమ్మం,
12 సెప్టెంబర్ 1986

ప్రియమైన వదినకు వందనాలు.

మీ ఉత్తరం వచ్చిన రోజు మీ తమ్ముడు దాన్ని జేబులో పెట్టుకుని ఆఫీసుకు పోయారు. అందరికీ చూపించుకున్నారట. మీకు చీరలు, దుప్పట్లు, కొత్త స్టవ్వు పార్సిలు చేశాం. పెళ్ళి ఫోటో ఇంకో కాపీ తీయిస్తాం.

ఒక మాట అడగాలి. మీ తమ్ముడి ఆఫీసులో మోతీలాల్ అని ఒకాయన పడిపోయిన స్తంభాలు చూడటానికి అటు వచ్చి వెళ్ళారు. ఆయన చెప్పారు, ఆ బల్ల మీద శవాన్ని పడుకోబెట్టారని. నిజమేనా వదినా? మీరు రాయలేదు. కాన్పు గురించి రాశారు, ఇది రాయలేదు.

ఆ మాట విన్నప్పటి నుంచి మీ తమ్ముడు బల్ల ఊసెత్తడం లేదు. నిన్న బజారుకు పోయి ఆ సన్‌మైకా బల్ల మళ్ళీ చూసి వచ్చారు. ముందు మీ నుంచి వినాలని ఆగాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయండి.

ముత్యాలమ్మ


దుమ్ముగూడెం,
20 సెప్టెంబర్ 1986

ముత్యాలమ్మకు,

నిజమే. మోతీలాల్ గారు సరిగ్గానే చెప్పారు.

ఏటి అవతల నుంచి ఒక ముసలామెను పడవలో తెచ్చారు. ఆమెతో ఆమె మనుషులెవరూ లేరు. చెట్టు కొమ్మ పట్టుకుని ఉంటే పడవవాళ్ళు దింపుకొచ్చారట. కొండ ఊళ్ళ భాష మాట్లాడింది. నాకు ఆ భాష కొన్ని మాటలే వచ్చు. నీళ్ళు అడిగిందని తెలిసింది. చుట్టూ అన్ని నీళ్ళు, తాగించడానికి కాచిన నీళ్ళు ఒక గ్లాసు కూడా దొరకలేదు. భీమ్లా తల్లి తన పిల్లల కోసం దాచిన చెంబులోంచి పోసింది. నా చీర చెంగు పట్టుకుని ఆమె ఏదో చెబుతూనే ఉంది. సరే, సరే అంటూ కూర్చున్నాను. ఏం చెప్పిందో నాకు తెలియదు. కాసేపటికి ఆగిపోయింది.

నేల మీద బురద నీళ్ళు. ఆమెను ఎక్కడ పడుకోబెట్టాలి? వాన తగ్గి, తీసుకుపోవడానికి దారి దొరికేదాకా బల్ల మీదే ఉంచాను, నా దుప్పటి కప్పి. ఆ తర్వాత పొయ్యి రాజేసి కాచిన నీళ్ళతో, మందుతో బల్లంతా కడిగాను. మర్నాడు రూప్లి దాని మీదే కన్నది.

ఉన్నదున్నట్టు రాయమన్నావు, రాశాను. దీన్ని చదివి నువ్వు ఏమనుకుంటావో తెలుసు. అనుకోవడంలో తప్పు లేదు, అన్నం తినే బల్ల కదా. అది నీ ఇంటికి పనికిరాదు. ఇక్కడే ఉండనీ. దానం చూసొచ్చిన బల్లే తెప్పించుకో. గది ఎలాగూ తయారుగా ఉంది.

పార్సిలు అందింది. స్టవ్వు బాగుంది.

విశ్రాంతమ్మ


ఖమ్మం,
14 అక్టోబర్ 1986

వదినా,

మీ ఉత్తరానికి జవాబు రాయలేక నేనే బయలుదేరి వచ్చాను. మీరు సూదుల క్యాంపుకని అడవి ఊళ్ళకు పోయారట, రెండు రోజుల దాకా రారన్నారు. బడికి ఒక్కరోజే సెలవు పెట్టాను. నేను కుట్టు నేర్పే పిల్లలకు పరీక్ష ఉంది, తిరిగి రాక తప్పలేదు. మీకు చెప్పాలనుకున్నది ఉత్తరంలోనే చెప్పాల్సి వస్తోంది.

ముందు బల్ల సంగతి. నాకు అసహ్యం కలిగిందని మీరెలా అనుకున్నారు? మీరు ఆమె పక్కన కూర్చున్నారని చదివి ఏడ్చాను. మా అమ్మ పోయినప్పుడు పక్కన ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరో ఒకరు మీలాంటి మనిషి ఉండి ఉంటే బాగుండునని అనుకున్నాను. నేను అడిగింది, నాకెందుకు చెప్పలేదని. అంతే.

వరండాలో బల్ల చూశాను. చెయ్యి పెట్టి చూశాను. ఒక చివర ఊదా రంగు మందు మరక ఉంది, పోదట. రూప్లి కొడుకును ఎత్తుకుని వచ్చి, "గీడు గీ బల్ల మీదనే పుట్టిండు" అని చూపించింది. నాకు చాయ్ పెట్టింది. మీ గురించి మాట్లాడుతూ కూర్చున్నాం.

"అమ్మ పనిల నుంచి దిగినంక మమ్ముల ఇడిసిపెట్టి పోతది" అంది.

"ఎక్కడికి పోతది?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఏంది గట్లంటవ్? మీ ఇంటికే గద. తమ్ముడు గది కట్టిస్తుండని ఎన్నిమాట్ల చెప్పిందో. దక్షిణం దిక్కు కిటికీ పెట్టిచ్చిండట గద."

చాయ్ గ్లాసు అక్కడే పెట్టేశాను వదినా. ఏ గదో నాకు అప్పుడు అర్థమైంది. బస్సులో వస్తున్నంతసేపూ మీ ఉత్తరాలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. వరండాలో మంచం వేస్తానని నేను రాసింది గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే మీ తమ్ముణ్ణి అడిగాను. తప్పించుకోవడానికి సైకిలు దగ్గరికి పోబోయారు. తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాను.

"అవ్, అక్కకు గది ఇస్తనన్న. పునాది తీసిననాడు అన్న" అన్నారు.

"మరి గోడ తియ్యమన్నప్పుడు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు సంబురపడుతున్నవ్. నిన్నెట్ల ఆపాలె? అక్క అడిగితే అప్పుడు చూద్దామనుకున్న. అక్క అడగలే."

ఆయన చెడ్డవారు కాదు. ఎవరి ముఖం చిన్నబోయినా చూడలేరు. అందుకని అందరికీ అన్నీ ఇస్తానంటారు. ఆ రోజు నుంచి మేం సరిగ్గా మాట్లాడుకోలేదు.

మీ మీద కూడా నాకు కోపంగా ఉంది వదినా. మీరు నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా. మార్చి నుంచి ఉత్తరాలు రాసుకుంటున్నాం. బల్ల కాళ్ళ ఎత్తు గురించి కూడా రాసుకున్నాం. మీరు ఎక్కడ ఉండాలన్నది మాత్రం రాసుకోలేదు.

మేస్త్రీని పిలిపించాను. ఇటుకలు వచ్చాయి. గోడ మళ్ళీ కట్టిస్తున్నాను. మాకు ఇంతకుముందులాగే వంటగదిలో పీటలు చాలు. బల్ల ఎక్కడున్నా పరవాలేదు.

ముత్యాలమ్మ


దుమ్ముగూడెం,
2 నవంబర్ 1986

ముత్యాలూ,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు సంచిలో పెట్టుకుని తిరిగాను. ముందు దానంతో మాట్లాడు. వాడు చిన్నప్పుడూ అంతే. నాన్న ఒక పని చెబితే, అమ్మ ఇంకో పని చెబితే రెండూ చేస్తానని ఇంటి వెనక దాక్కునేవాడు. వాణ్ణి వెతికి అన్నం పెట్టింది నేనే. కాబట్టి అందులో నా పాలూ ఉంది.

నేను ఎందుకు అడగలేదో చెబుతాను. అడిగితే మీరు ఇస్తారు. అది నాకు తెలుసు. అడగకుండా ఇస్తే తీసుకోవాలని ఉండింది. పెళ్ళి చేసుకోకుండా ఉద్యోగంలోనే బతుకంతా పోయింది. ఎవరి ఇంట్లోనూ నా కోసమని ఒక గోడ లేవలేదు. పునాదిలో నిలబడి, ఇది అక్క గది అని వాడు అన్నప్పుడు చాలా సంతోషపడ్డాను. ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. అది లేదని తెలిశాక వాళ్ళకు చెప్పలేకపోయాను. నీ మీద కోపం కాదు, సిగ్గు. ఆ సిగ్గుతోనే బల్ల ఇక్కడే ఉండనీ అని ఆ ఉత్తరం రాశాను. నువ్వు బల్ల గురించి అడిగావు, నేను గది గురించి జవాబిచ్చాను.

ఇప్పుడు నా మాట విను. గోడ కట్టొద్దు.

మంచితనం కొద్దీ చెప్పడం లేదు. ఆలోచించే చెబుతున్నాను. బడిలో ఉన్న ఆ రోజుల్లో అంతమంది మధ్య పడుకున్నాను. పిల్లల ఏడుపు, ముసలివాళ్ళ దగ్గు, ఎవరో ఒకరు గిన్నె కదిపిన చప్పుడు. ఆ రోజుల్లో పట్టిన నిద్ర నా క్వార్టర్‌లో నాకెప్పుడూ పట్టలేదు. నీళ్ళు తగ్గాక కడిగిన గదిలో ఒక్కదాన్నే తలుపు వేసుకుంటే భయమేసింది. ఇన్నేళ్ళు తలుపు వేసుకుని పడుకున్నదాన్ని. ఇక చాలనిపించింది.

కాబట్టి గోడ వద్దు. దక్షిణపు కిటికీ పక్కన మంచం పట్టేంత జాగా వదిలి బల్ల వెయ్యి. మీరు తింటూ ఉంటే నేను పడుకుంటాను. నేను పడుకున్నానని గుసగుసలాడొద్దు. పాప పలక మీద గీసే చప్పుడు నాకు వినబడాలి. ఎప్పుడైనా తలుపు వేసుకోవాలనిపిస్తే ఒక తెర కట్టుకుంటాను.

తెప్పించిన ఇటుకలతో పెరట్లో గిన్నెలు తోముకునే గచ్చు కట్టించు.

దవాఖానాకు కాన్పుల కోసం ఇనుప బల్ల ఒకటి వచ్చింది. పర్మిట్ కూడా వచ్చింది. నీ బల్లకు ఇక్కడ పని లేదు. ఇక నువ్వే తేల్చుకోవాలి. దాని మీద ఏం జరిగిందో నీకు తెలుసు, దానానికి తెలుసు. పాపకు కూడా తెలిసే రోజు వస్తుంది. ఇవన్నీ తెలిసి కూడా అన్నం తినగలిగితేనే తెప్పించుకో. మీ ఇద్దరూ ఒప్పుకుంటేనే జైరాంకు చెబుతాను. దానం సరేనంటే నమ్మవద్దు. వాడి నోటితో కారణం చెప్పించు.

మీ వదిన,
విశ్రాంతమ్మ


ఖమ్మం,
7 డిసెంబర్ 1986

ప్రియమైన వదినకు,

ముగ్గురి వందనాలు. బల్ల గురువారం చేరింది.

జైరాం తెల్లవారుజామునే లారీ ఆపి హారన్ కొట్టాడు. వీధివాళ్ళంతా లేచారు. ముందు తలుపులోంచి పట్టలేదు. పక్కకు తిప్పారు, నిలబెట్టారు, మళ్ళీ తిప్పారు. చివరికి పెరటి వైపు తీసుకుపోయి, తలుపు రెక్కలు ఊడదీసి లోపలికి తెచ్చారు. ఒక మూల మీ తమ్ముడే పట్టుకున్నారు.

కారణం చెప్పించమన్నారు కదా. చాలా రోజులు చెప్పలేదు. "నాకు భయం" అన్నారొకసారి. దేనికని అడిగితే తెలియదన్నారు. లారీ వచ్చే ముందురోజు పాపకు అన్నం కలుపుతూ తనంతట తనే అన్నారు, "అక్క ఆమెను కింద పడుకోబెట్టలే. మనం దాన్ని బయట పారేస్తే, అక్క చేసిన పని తప్పన్నట్టే గద. నాకట్ల వద్దు." సైకిలు తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాను.

అయినా ఆయన ఆయనే. మొదటి పూట కంచం చేతిలో పట్టుకుని గడప మీద కూర్చుని తిన్నారు. ఉక్కపోస్తోందన్నారు, డిసెంబరులో. రెండో పూట బల్ల దగ్గర నిలబడి తిన్నారు. మూడో పూటకు పాప బెంచీ మీద జరిగి, "నాయినా, ఇక్కడ కూర్చో" అంది. కూర్చున్నారు. ఆ చోటు సరిగ్గా మందు మరక ఉన్న చివర. దాని మీదే కంచం పెట్టుకుని, పప్పు బాగుందన్నారు. పప్పులో ఆ రోజు ఉప్పు మరిచిపోయాను.

నేను దాని మీద పిండి కలిపాను, చిక్కుళ్ళు ఒలిచాను. నిన్న బడి నుంచి ఇద్దరు ఆడపిల్లలు బట్టలు కత్తిరించుకోవడానికి వచ్చి భోజనం దాకా ఉన్నారు. ఐదుగురం అయ్యాం. ఆ పిల్లలకు బల్ల గురించి అంతా చెప్పాను. ఒకామె కంచం కొంచెం వెనక్కి జరుపుకుంది. రెండో ఆమె, "ఆ బాబుకు ఏం పేరు పెట్టారు టీచర్?" అని అడిగింది. నాకు తెలియదు. రాయండి.

గచ్చు కట్టించాను. ఇంకా ఇటుకలు మిగిలాయి.

గది సగం పైగా బల్లే ఉంది. గోడకు చేర్చి వేశాం. ఒక పక్క బెంచీకి, గోడకు మధ్య మనిషి పట్టడమే కష్టం, కడుపు లోపలికి లాక్కుని దూరాలి. రెండో వైపు కిటికీ దగ్గర మాత్రం మంచం పట్టేంత నేల ఖాళీగా ఉంది. పక్కింటి ద్వాలి చూడటానికి వచ్చింది. చుట్టూ తిరగబోయి ఇరుక్కుంది.

"అక్కా, గంత జాగా ఆడ ఊరికే పెట్టుకుని బల్లను గోడకు నెట్టినవేంది? నడిమిట్ల ఏస్తే సక్కగుంటది గద" అంది.

"అది ఊరికే లేదు. అక్కడ మా వదిన ఉంటది" అన్నాను.

"ఎప్పుడొస్తది?"

"పని అయిపోయినంక."

మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే. తొందరేమీ లేదు. ఈ లోపు పాప అక్కడ చాప వేసుకుని చదువుకుంటోంది. బిగ్గరగానే చదవమన్నాను.

మీ మరదలు,
ముత్యాలు